బతాకాలో తప్పు ఎవరిది?

కువైట్‌లో పనిచేసే మనిషి బతాకా మీద పేరు తప్పు పడిందని తెలియగానే, ఊళ్ళో చుట్టాల దగ్గర్నుంచి అక్కడి సంఘాల పెద్దల దాకా అందరూ ముందు అనే మాట ఒకటే: ‘తీసుకునేటప్పుడు చూసుకోవద్దా?’ దాని వెనకే ఇంకొన్ని మాటలు వస్తాయి. మనవాళ్ళకు శ్రద్ధ లేదని, చదువు లేకపోతే ఇంతేనని, ఎవరి కాగితాలు వాళ్ళే చూసుకోవాలని, అయినా ఒక్క అక్షరానికి ఇంత గొడవెందుకని. పెద్దమనిషి తరహాలో, మంచికోరి చెప్పినట్టే ఉంటాయి. కానీ ఈ మాటల చాటున తప్పు రాసినవాడు చేతులు దులుపుకుని పోతున్నాడు, ఆ తప్పు మోసేవాడు దోషిగా నిలబడుతున్నాడు. ఏళ్ళ తరబడి మనమంతా కలిసి నిలబెట్టిన ఈ అభిప్రాయం తప్పు. అది ఎందుకు తప్పో చెప్పాలంటే కార్డు దగ్గర మొదలుపెట్టాలి.

బతాకా అంటే కువైట్ సివిల్ ఐడీ కార్డు. 1982 నాటి 32వ నంబరు చట్టం కింద నడిచే పౌర సమాచార సంస్థ దీన్ని ఇస్తుంది. మనవాళ్ళ నోట ఆ సంస్థ పేరు ‘పాసీ’. జనాభాలో మూడింట రెండు వంతుల పైచిలుకు విదేశీయులే ఉన్న ఆ దేశంలో ఈ కార్డు లేకుండా ఒక్క పనీ జరగదు. జీతం పడే బ్యాంకు ఖాతా, ఫోను సిమ్ము, ఆస్పత్రి చీటీ, డ్రైవింగ్ లైసెన్సు, ఇంటికి డబ్బు పంపే ఎక్స్ఛేంజి కౌంటరు, అన్నిచోట్లా అడిగేది దాన్నే. 2019 మార్చి 10 నుంచి దీని బరువు ఇంకా పెరిగింది. అంతవరకు అకామా, అంటే ఆ దేశంలో ఉండటానికిచ్చే అనుమతి, స్టిక్కరు రూపంలో పాస్‌పోర్టులో ఉండేది. ఆ రోజు నుంచి స్టిక్కరు తీసేసి, అకామాకు బతాకాయే రుజువు అన్నారు. సెలవు మీద వచ్చి తిరిగిపోయే మనిషి పాస్‌పోర్టునూ బతాకానూ విమానాశ్రయంలో పక్కపక్కన పెట్టి, రెండింటిలో పేరు ఒకటేనా కాదా అని చూడటం అప్పుడు మొదలైంది. అంతవరకు ఎవరికీ పట్టని అక్షరదోషాలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. ఇంగ్లీషు పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు సరిపోలేలా చూసుకోమని భారత రాయబార కార్యాలయం హెచ్చరిక కూడా ఇచ్చింది.

ఆ హెచ్చరిక అవసరమైనదే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ తప్పులు 2019లో పుట్టినవి కావు. పదేళ్ళుగా, పదిహేనేళ్ళుగా అక్కడ పనిచేస్తున్నవాళ్ళ కార్డులు అదే తప్పు పేరుతో మళ్ళీ మళ్ళీ రెన్యువల్ అవుతూ వచ్చాయి. ప్రతిసారీ ఆఫీసు ఆ పేరును చూసింది, అచ్చువేసింది, ఫీజు కట్టించుకుంది. రూలు మారిన రోజున మాత్రం అది కార్మికుడి అజాగ్రత్త అయిపోయింది.

అసలు తప్పు ఎక్కడ పడుతుందో చూద్దాం. రాయచోటి దగ్గర ఒక పల్లెలో పద్మావతి అనే ఆమె ఉందనుకోండి. ఆమె పాస్‌పోర్టులో పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. కువైట్ వీసా రావాలంటే ఆ పేరు అరబీ అక్షరాల్లోకి పోవాలి. అరబీలో ‘ప’ లేదు కనక అది ‘బ’ అవుతుంది. ‘వ’ను ఒకరు ఒక అక్షరంతో రాస్తారు, ఇంకొకరు ‘ఫ’తో రాస్తారు. హ్రస్వాచ్చులను అరబీలో మామూలుగా రాయనే రాయరు. ఆ తర్వాత కార్డు మీద ఇంగ్లీషు పేరు కావలసి వచ్చినప్పుడు, అరబీలో ఉన్నదాన్ని చూసి ఎవరో మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పుతారు. పద్మావతి ‘బద్మాఫతి’గా తిరిగొస్తుంది. గంగమ్మ సంగతి మరీ కష్టం. ప్రామాణిక అరబీలో ‘గ’ లేదు. ఒక టైపిస్టు ‘ఘైన్’ పెడతాడు, ఒకడు ‘జీమ్’ పెడతాడు, ఇంకొకడు ‘కాఫ్’ పెడతాడు. మూడుసార్లు మూడు చోట్ల టైపు అయిన గంగమ్మ ముగ్గురు మనుషులుగా మారే వీలుంది. పెంచలయ్యలో ‘ప’, ‘చ’ రెండూ పోతాయి. మిగిలేదేమిటో పెంచలయ్యకే తెలియదు.

ఈ దారిలో ఎక్కడైనా పద్మావతి చేయి ఉందా? పేరు మొదటిసారి అరబీలోకి మారినప్పుడు ఆమె ఇంకా ఇక్కడే, తన ఊళ్ళోనే ఉంది. కాగితాలు పట్టుకుని తిరిగేది అక్కడి కఫీల్, అంటే ఆమెను పనికి పిలిపించుకునే యజమాని, లేదా కఫీల్ తరఫున ఆఫీసుల పనులు చక్కబెట్టే మందూబ్. టైపు చేసేది టైపింగు సెంటరు. నమోదు చేసుకునేది ప్రభుత్వ శాఖ. అచ్చువేసేది పాసీ. నలుగురి చేతులు మారి వచ్చిన పేరును ఐదో మనిషి నెత్తిన రుద్ది, ‘నువ్వెందుకు చూసుకోలేదు’ అంటున్నాం.

దీనికి ఒక సాంకేతిక సమాధానం ఉంది, అది చాలామందికి తెలియదు. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున బాణం గుర్తులతో నిండిన రెండు వరసలు ఉంటాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 9303 నంబరు పత్రంలో నిర్ణయించిన పద్ధతి అది, ప్రపంచమంతా ఒకటే. యంత్రం కింద పెడితే పేరు, నంబరు, పుట్టినతేదీ క్షణంలో చదువుకుంటుంది. అక్షరం మారదు, మనిషి టైపు చేయాల్సిన పని లేదు. అదే వరసల్లో పాస్‌పోర్టు నంబరుకూ, పుట్టినతేదీకీ, గడువు తేదీకీ పక్కనే ఒక సరిచూసే అంకె ఉంటుంది. ఏ అంకె తప్పు కొట్టినా లెక్క కుదరదు, యంత్రం ఒప్పుకోదు. పేరుకు మాత్రం అలాంటి కాపలా అంకె లేదు. కువైట్ సివిల్ నంబరు కూడా అంతే, పన్నెండు అంకెల్లో చివరిది సరిచూసే అంకె. నంబరుకు రక్షణ ఉంది, పేరుకు లేదు. ఇది కార్డు అందుకునే మనిషి చేసిన ఏర్పాటు కాదు. పేరు అచ్చంగా పాస్‌పోర్టులో ఉన్నట్టే కార్డు మీదికి రావడానికి కావలసిన సాధనం ప్రతి ఇమిగ్రేషను కౌంటరు మీదా ఉంది. ఇంగ్లీషు నుంచి అరబీకి, అరబీ నుంచి మళ్ళీ ఇంగ్లీషుకు తిప్పే పద్ధతిలో తప్పు పడితే అది పద్ధతిని ఎంచుకున్నవాళ్ళ తప్పు.

ఇక ‘చూసుకోవద్దా’ అన్న మాటకు వద్దాం. చూసుకోవాలంటే ముందు కార్డు చేతిలో ఉండాలి. కువైట్‌లో ఇంటిపని చేసేవాళ్ళ కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. పనిమనిషి ఇష్టం లేకుండా ఆమె పాస్‌పోర్టును గానీ సివిల్ ఐడీని గానీ యజమాని దగ్గర పెట్టుకోకూడదని ఆ చట్టంలో రాసి ఉంది. రాజంపేట, రైల్వేకోడూరు, కోనసీమ పల్లెల్లో కువైట్‌కు పోయి వచ్చిన ఏ ఆడమనిషినైనా కదిలించి చూడండి. బతాకా మామా, అంటే ఇంటి యజమానురాలి, బీరువాలో ఉండేదని, ఆస్పత్రికి పోయేటప్పుడు ఇచ్చి రాగానే తీసుకునేదని చెప్పేవాళ్ళు ఎంతమందో. ఆ కార్డు వచ్చిన రోజున దాన్ని తెచ్చింది ఆమె కాదు. పాసీ మెషీన్లో నుంచి కార్డు బయటికి తీసింది డ్రైవరో, ఇంటి కొడుకో. చేతికి రాని కార్డును ఎలా చూసుకోవాలి?

వచ్చిందే అనుకుందాం. కార్డు మీద పైన ఉన్నది అరబీ పేరు. ఇంజినీరింగు చదివి అక్కడ చమురు కంపెనీలో పనిచేసే కుర్రాడికి కూడా అది చదవడం రాదు. అందుకే చదువు లేక ఇలా జరుగుతోందన్న మాట నిలవదు. ఇంగ్లీషు పేరు వరకు చదవగలిగినవాడు కూడా సగం కార్డునే చూడగలడు. మిగతా సగం, అసలు రికార్డుకు మూలమైన సగం, అతనికి గోడ మీది గీతలే.

చదివాడు, తప్పు పట్టుకున్నాడు, తర్వాత? అరబీ పేరులోనే తప్పుంటే పాసీ తనంతట తాను మార్చదు, ముందు అంతర్గత వ్యవహారాల శాఖలో అకామా రికార్డు సరికావాలి. అకామా వ్యవహారం ఏదైనా కఫీల్ ద్వారానే నడవాలి. కఫీల్‌కు తీరిక ఉండాలి, మనసుండాలి. ఇంటిపని చేసే ఆమెకు చట్టం వారానికి ఒక రోజు సెలవు ఇచ్చింది. దొరికితే గిరికితే ఆ సెలవు శుక్రవారం. కువైట్‌లో ప్రభుత్వ ఆఫీసులు ఆదివారం నుంచి గురువారం దాకా నడుస్తాయి, శుక్ర శనివారాలు మూత. ఆమె తీరిక రోజున ఆఫీసు ఉండదు, ఆఫీసు తెరిచిన రోజున ఆమెకు తీరిక ఉండదు. ఇంత కథ ఉంటే, దీన్నంతా ‘శ్రద్ధ లేదు’ అన్న రెండు మాటల్లో చుట్టిపెట్టడానికి మనసెలా ఒప్పుతుంది?

‘ఒక్క అక్షరమే కదా’ అనేవాళ్ళూ, ‘చూసుకోకపోవడం ఎంత తప్పు’ అనేవాళ్ళూ వేరువేరు మనుషులు కారు. చాలాసార్లు ఒకే నోటి నుంచి రెండూ వస్తాయి. రెండింటిలో ఒకటే నిజం కావాలి. అక్షరం అంత అల్పమైనదైతే దాని కోసం మనిషిని విమానం ఎక్కకుండా ఆపకూడదు. అంత ముఖ్యమైనదైతే దాన్ని తప్పుగా రాసిన ఆఫీసును ఎవరో ఒకరు అడగాలి. కార్మికుడి విషయంలో పెద్దదీ, ఆఫీసు విషయంలో చిన్నదీ అయ్యే తప్పు ఉండదు.

పుట్టినతేదీ విషయానికి వస్తే ‘చిన్న తప్పు’ అన్న మాటే చెల్లదు. కువైట్ సివిల్ నంబరులో మొదటి అంకె శతాబ్దాన్ని చెబుతుంది, 1900లలో పుట్టినవాళ్ళకు 2, 2000 తర్వాత పుట్టినవాళ్ళకు 3. ఆ వెంటనే వచ్చే ఆరు అంకెలు పుట్టిన సంవత్సరం, నెల, రోజు. 1985 మార్చి 7న పుట్టినవాళ్ళ నంబరు 2850307తో మొదలవ్వాలి. ఎవరో రోజునూ నెలనూ తారుమారు చేసి జులై 3 అని కొడితే తప్పు కార్డు మీద గడిలో ఆగదు, నంబరులోకే దిగిపోతుంది. ఆ నంబరు మీదే బ్యాంకు ఖాతా, లైసెన్సు, జీతం లెక్క, వేలిముద్రల రికార్డు కట్టుకుని ఉంటాయి. తేదీ సరిచేయడం అంటే ఆ మనిషి అక్కడ గడిపిన జీవితాన్నంతా ఒక నంబరు కింది నుంచి తీసి ఇంకో నంబరు కిందికి చేర్చడం.

పుట్టినతేదీల దగ్గర మనవైపు నుంచి ఒక గట్టి ప్రశ్న వస్తుంది, దాన్ని దాటవేయను. వలస అనుమతి అవసరమైన ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఇంటిపనికి గల్ఫ్‌కు వెళ్ళే స్త్రీకి 30 ఏళ్ళు నిండి ఉండాలని మన రూలు. వయసు చాలని ఆడపిల్లలకు ఏజెంట్లు ఏళ్ళు పెంచి పాస్‌పోర్టులు తీయించిన సంగతి కడప, గోదావరి జిల్లాల్లో అందరికీ తెలుసు. బడిలో అయ్యవారు తోచిన తేదీ రాసిన తరాల వాళ్ళూ ఉన్నారు, ఊరి సగం మంది జులై ఒకటినే పుట్టినట్టు కాగితాలు చెబుతాయి. మరి ఇది మన తప్పు కాదా అంటారు. ఏజెంటు చేసింది మోసం, దానికి శిక్ష ఏజెంటుకు పడాలి. కానీ ఆ మోసాన్ని చూపించి, పాస్‌పోర్టులో సరిగ్గా ఉన్న పేరు కార్డులో తప్పు పడిన కేసును కూడా అదే గాటన కట్టడం ఏం న్యాయం? పాస్‌పోర్టుకూ కార్డుకూ తేడా ఉన్నప్పుడు పాస్‌పోర్టే మూలం. మూలాన్ని చూసి నకలు రాసినవాడు తప్పు రాశాడా లేదా అన్నదే ప్రశ్న. అక్కడ ఏజెంటు కథ అక్కరలేదు.

ఈ తప్పుల బరువు ఎక్కడిదాకా వస్తుందో రాయచోటిలో ఒక జిరాక్స్ అంగడి ముందు చూశాను. ఒక కుర్రాడు తల్లి బతాకా రెండు వైపులా పెద్దది చేసి తీయించుకుంటున్నాడు. పక్కన ఆమె పాస్‌పోర్టు నకలు, అరబీలో మరణ ధ్రువపత్రం, దాని ఇంగ్లీషు తర్జుమా. ఇన్సూరెన్సు పాస్‌పోర్టు పేరు మీద ఉంది. మరణ ధ్రువపత్రం కార్డులో ఉన్న పేరు మీద వచ్చింది. పాస్‌పోర్టులో ఆమె పేరు ‘ప’తో మొదలైతే తర్జుమాలో ‘బ’తో మొదలైంది, ఇంటిపేరు మొత్తంగా ఎగిరిపోయింది. అంగడతను స్టాంపు పేపరు తీసి, అలవాటైన చేతితో అఫిడవిట్ టైపు చేశాడు. పై రెండు పేర్లూ ఒకే మనిషివని కొడుకు ప్రమాణపూర్వకంగా తెలియజేయడమైనది అని. ఆ కుర్రాడు ‘ఇది సరిపోతాదా అన్నా’ అని అడిగాడు. ‘నోటరీ కొట్టించి పంపు, వాళ్ళు ఒప్పుకుంటే సరి’ అన్నాడతను. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో చనిపోయినవాళ్ళ కుటుంబానికి 10 లక్షల రూపాయలు రావాలి. ఆ డబ్బుకూ ఆ కుటుంబానికీ మధ్య ఏ టైపిస్టో కొట్టిన ఒక్క అక్షరం నిలబడితే, ఆ అక్షరాన్ని తుడిచే పని చనిపోయిన మనిషి కొడుకు నెత్తిన పడింది. ఆ రోజు ఆ కుర్రాడి ముందు నిలబడి ‘మీ అమ్మ చూసుకోవద్దా’ అనగలిగినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళతో నాకు వాదన లేదు.

ఇంకో మాట తరచుగా వింటాం. మన పేర్లే గందరగోళమని, ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక, మధ్యలో పొడి అక్షరాలు, ఇలా ఉంటే అరబ్బులకేం అర్థమవుతుందని. తెలుగువాళ్ళే ఈ మాట అంటుంటే బాధేస్తుంది. అరబీ పేరులో మనిషి పేరు, తండ్రి పేరు, తాత పేరు, వంశం పేరు వరసగా వస్తాయి. మనకు ఇంటిపేరు ముందొస్తుంది. తమిళులకు తండ్రి పేరు పొడి అక్షరంగా ఉంటుంది. ఏ పద్ధతీ ఇంకోదానికంటే తక్కువ కాదు. భారతీయులు పది లక్షల మంది దాకా ఉన్న దేశం, అర్ధశతాబ్దంగా వాళ్ళ చేత ఇళ్ళు కట్టించుకుని, వంటలు చేయించుకుని, పిల్లల్ని పెంచించుకున్న దేశం, వాళ్ళ పేర్లు పట్టేలా ఫారం తయారు చేసుకోలేనంత చేతకానిదేమీ కాదు. అవసరం లేదనుకుంది, అంతే. 2022 నవంబరులో దుబాయి వైపు ఒక్కటే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వెళ్ళేవాళ్ళను రానివ్వబోమని ప్రకటన వచ్చినప్పుడు ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న మనవాళ్ళు ఎంతమంది కంగారుపడ్డారో గుర్తుండే ఉంటుంది. పాస్‌పోర్టు ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేయడానికి ఒప్పుకున్నది మన ప్రభుత్వం. ఆ గడి ఖాళీగా ఉంటే చెల్లదన్నది వాళ్ళ ప్రభుత్వం. రెండు ప్రభుత్వాల ఫారాల మధ్య పొసగని చోట నలిగింది ఎవరంటే ఆ పేరు పెట్టుకున్న మనిషి.

భద్రత కోసం ఇంత కచ్చితంగా ఉండక తప్పదు, ఎవరి దేశం వాళ్ళ ఇష్టం అనేది ఇంకో వాదన. కచ్చితంగా ఉండమనే నేనూ అంటున్నాను. కచ్చితత్వం ముందు రాసేవాడి దగ్గర ఉండాలి. పరాయి దేశస్థుడి రికార్డును సరిచేయమని రాజ్యాన్ని నిలదీసే హక్కు ఎక్కడా లేదనుకుంటే పొరపాటు. ఐరోపా సమాఖ్య డేటా రక్షణ నిబంధన 16వ అధికరణం ప్రకారం తప్పుడు వివరాలను అనవసర జాప్యం లేకుండా సరిచేయించుకునే హక్కు మనిషికి ఉంది, ఆ మనిషి పౌరుడా విదేశీయుడా అన్న తేడా లేదు. హంగరీలో శరణార్థిగా ఉన్న ఒక ఇరాన్ దేశస్థుణ్ణి శరణార్థుల రిజిస్టరులో స్త్రీ అని రాశారు. అతను వైద్యుల పత్రాలు చూపించి, నేను పురుషుణ్ణి, సరిచేయండి అన్నాడు. శస్త్రచికిత్స రుజువు తెమ్మని ఆఫీసు తిప్పికొట్టింది. 2025 మార్చి 13న ఐరోపా సమాఖ్య న్యాయస్థానం అతని వైపు తీర్పు చెప్పింది. రిజిస్టరు రాజ్యానిది కనక అందులో ఉన్నది నిజంగా ఉండేలా చూసే బాధ్యత కూడా రాజ్యానిదే అన్నది ఆ తీర్పు సారం. దేశం నుంచి పారిపోయి వచ్చినవాడికి ఉన్న హక్కు, పిలిపించుకుంటే పనికోసం వచ్చినవాడికి ఎందుకు ఉండకూడదు?

కువైట్‌లో బరువంతా ఒకవైపే ఎలా ఉందో చిరునామాల వ్యవహారంలో స్పష్టంగా కనిపించింది. 2024 నుంచి పాసీ చాలామంది చిరునామాలను రికార్డు నుంచి తొలగిస్తూ వచ్చింది. భవనం కూలగొట్టారనో, వీళ్ళిక్కడ ఉండటం లేదని భవనం యజమాని చెప్పాడనో. తొలగించినవాళ్ళ పేర్లు అధికార గెజిట్‌లో అరబీలో వేశారు. 30 రోజుల్లో కొత్త చిరునామా నమోదు చేసుకోకపోతే 100 దీనార్ల దాకా జరిమానా అన్నారు. మన లెక్కలో పాతికవేల రూపాయల పైమాటే. ఇంటిపనివాళ్ళకు 2016లో నిర్ణయించిన కనీస జీతం నెలకు 60 దీనార్లు. యజమాని ఒక్క మాట చెబితే పోయే చిరునామా కోసం, ఆ సంగతే తెలియని మనిషి నెలన్నర జీతం పైగా కట్టాల్సి రావచ్చు. ఆలస్యమైతే మనిషికి జరిమానా ఉంది. తప్పు పేరు అచ్చువేసినందుకు ఆఫీసు ఒక్క దీనారు కట్టినట్టు నేనెక్కడా వినలేదు.

ఫోన్లో ఆప్ వచ్చాక ఈ బాధలు పోతాయని చెప్పేవాళ్ళకు లండన్ వైపు చూడమంటాను. బ్రిటన్‌లో ఉండే విదేశీయులకు బయోమెట్రిక్ కార్డు ఇచ్చేవాళ్ళు. దాని మీద తప్పుంటే కార్డు అందిన 10 రోజుల్లో చెప్పాలి, లేకపోతే కొత్తదానికి సొంత డబ్బు కట్టాల్సి రావచ్చని రూలు ఉండేది. ప్రభుత్వం చేసిన తప్పు పదకొండో రోజున కార్డు అందుకున్న మనిషి తప్పు అయిపోయేది. ఆ కార్డుల్లో ఎక్కువ భాగం 2024 డిసెంబరు 31తో గడువు ముగిసి, వాటి స్థానంలో ఈవీసా వచ్చింది. కార్డు పోయింది, తప్పులు పోలేదు. తమ ఖాతా తెరిస్తే వేరొకరి వివరాలు కనిపించినవాళ్ళున్నారు. కార్డు చేతిలో ఉన్నప్పుడు కనీసం అది చూపించి ఇదిగో ఇక్కడ తప్పు పడింది అనేవాళ్ళు. ఇప్పుడు తెర మీద వచ్చేదే మనిషి. కువైట్‌లో మొబైల్ ఐడీ, ప్రభుత్వ సేవల సహెల్ ఆప్ వచ్చాయి, చాలా పనులు సులువయ్యాయి, కాదనను. కానీ ఆప్ చూపించేది రిజిస్టరులో ఉన్నదాన్నే. రిజిస్టరులో బద్మాఫతి ఉంటే ఆప్‌లో పద్మావతి రాదు. పైగా 2025 జులై 1 నుంచి ప్రైవేటు రంగంలో పనిచేసే విదేశీయులు దేశం దాటాలంటే యజమాని ఒప్పుకున్న ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. అదీ రిజిస్టరు వివరాల మీదే నడుస్తుంది. పాత తప్పుకు కొత్త తలుపు ఇంకొకటి తోడైంది.

నిందను కార్మికుడి మీది నుంచి తీసేయడంతో పని అయిపోదు, దాన్ని ఉండాల్సిన చోట పెట్టాలి. మొదటి చోటు కువైట్ ప్రభుత్వమే. ఇంగ్లీషు పేరును పాస్‌పోర్టు యంత్ర వరసల నుంచి నేరుగా తీసుకోవాలి, టైపు చేయకూడదు. పాస్‌పోర్టుకూ కార్డుకూ తేడా కనిపించినప్పుడు పాస్‌పోర్టు చూపిస్తే చాలు, కఫీల్ లేకుండా, ఫీజు లేకుండా సరిచేయాలి. సరిచేసే దాకా పాత కార్డుతో ప్రయాణాన్ని ఆపకూడదు. రెండో చోటు మన ప్రభుత్వాలు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పనికి వెళ్ళేవాళ్ళ ఒప్పందం కేంద్ర ప్రభుత్వ వలస పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో నమోదు కాకుండా వాళ్ళు విమానం ఎక్కరు. ఆ నమోదులోనే వీసా మీది అరబీ పేరును అరబీ చదవడం వచ్చిన మనిషి చేత సరిచూపించడానికి అడ్డమేమిటి? ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్ ఉంది, తెలంగాణకు టామ్‌కామ్ ఉంది, విదేశాలకు మనుషులను పంపడానికే పెట్టుకున్న సంస్థలవి. కడపలో, నిజామాబాదులో, హైదరాబాదు పాతబస్తీలో అరబీ చదవగలిగినవాళ్ళకు కొదవ లేదు. విమానం ఎక్కకముందే ‘అమ్మా, నీ పేరు వాళ్ళు ఇలా రాశారు, సరేనా’ అని ఒక్కసారి పైకి చదివి వినిపిస్తే ఏళ్ళ తరబడి తిరగాల్సిన తిరుగుడు అక్కడే ఆగుతుంది.

మూడోది రెండు దేశాల మధ్య మాట్లాడుకోవాల్సిన విషయం. ఇంటిపనివాళ్ళ గురించి భారత్, కువైట్ 2021 జూన్‌లో అవగాహన ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అలాంటి ఒప్పందాల్లో జీతం, సెలవు, పాస్‌పోర్టు గురించి మాట్లాడతారు, పేరు గురించి మాట్లాడరు. పేరు సరిగా లేకపోతే ఆ జీతాన్నీ సెలవునూ ఏ పేరుతో అడగాలి? మన సంఘాలు ఏటా సంక్రాంతికీ ఉగాదికీ వేదిక మీదికి పిలిచి శాలువా కప్పే మంత్రులను, రాయబారులను ఈ ఒక్కటి అడగాలి. వచ్చే చర్చల్లో పేరు దిద్దుబాటును ఒక అంశంగా పెట్టించమని, అంతదాకా రాయబార కార్యాలయం తరఫున తెలుగూ అరబీ రెండూ వచ్చిన మనుషులతో ఒక కౌంటరు నడపమని, ఆ కౌంటరు ఇంటిపని చేసే ఆడవాళ్ళు రాగలిగేలా శుక్రవారం తెరవమని.